కుషింగ్ జబ్బా, కాదా? స్కాన్‌కు ముందే తేల్చుకోవడం ఎలా?

ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, బీపీ, షుగరు వచ్చాయి. ఎవరో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైందన్నారు, అంటే కుషింగ్ జబ్బని. అంతే, తలకు ఎమ్మారై తీయించుకుని వస్తారు. మెదడు అడుగున, కార్టిసాల్‌ను అదుపుచేసే పిట్యూటరీ గ్రంథిలో ఏ హానీ చేయని చిన్న గడ్డ సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. అది చూసి ఇంటిల్లిపాదీ బెంగపడతారు. స్కాన్ ఎప్పుడూ చివరే.

మొదట ఒంటిని చూడాలి. లావు ఒక్కటే ఆధారం కాదు. పొట్టమీద సెంటీమీటరుకు మించిన వెడల్పుతో ఊదారంగు చారలు, ఊరికే కమిలిపోయే పలుచని చర్మం, చేతి ఆసరా లేనిదే పీట మీంచి లేవలేకపోవడం ఉంటే అనుమానం బలపడుతుంది.

తర్వాత మందుల సంచి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. స్టెరాయిడ్లు, అంటే కార్టిసాల్‌లా పనిచేసే మందులు, వాడుతున్నారా అని అడిగితే అందరూ లేదనే అంటారు, అబద్ధమాడి కాదు, తెలియక. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి ట్యూబూ, మాత్రా, పొడీ బల్లమీద పెట్టమంటాను. తామరకని షాపులో అడిగి కొన్న ట్యూబు, చివరిదాకా చుట్టి పిండేసినది, విప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంటుంది, అది గట్టి స్టెరాయిడ్. మోకాళ్ల నొప్పులకిచ్చిన పేరులేని పొట్లాలూ, ఇంజెక్షన్లూ అంతే. రూపం కుషింగ్‌దే, రక్తంలో సొంత కార్టిసాల్ మాత్రం అడుగంటి ఉంటుంది.

దొరికింది కదా అని ఆ రోజే మానేయకండి. కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్కనే తగ్గించాలి.

సంచిలో ఏమీ లేకపోతే రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, మర్నాడు ఉదయం 8 గంటలకు రక్తపరీక్ష. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల కన్నా తక్కువుంటే కుషింగ్ దాదాపు కాదు. గర్భనిరోధక మాత్రలు, ఫిట్స్ మందులు ఈ అంకెను తప్పుగా పెంచుతాయి, ముందే చెప్పాలి.

అంకె పెరిగినా తొందరపడొద్దు. మద్యం, తీవ్రమైన కుంగుబాటు, అదుపులేని షుగరు గడ్డ లేకుండానే కార్టిసాల్‌ను నిజంగా పెంచుతాయి. వాటికి వైద్యం చేయించి, కొన్ని వారాలాగి, రెండు వేర్వేరు రాత్రులు 11 గంటలకు లాలాజలం ఇవ్వండి. మామూలు మనిషికి ఆ వేళ కార్టిసాల్ పడిపోతుంది, అసలు జబ్బులో పడదు. నాకు ఈ పరీక్ష మీదే నమ్మకం ఎక్కువ. రాత్రి డ్యూటీల వారికి ఇది పనికిరాదు. పళ్లు తోముకున్న వెంటనే ఇవ్వొద్దు, చిగుళ్ల రక్తం కలిస్తే నమూనా పాడవుతుంది. అయితే కండరాల నీరసం, కమిలిన మచ్చలు వారం వారం ముదురుతుంటే మాత్రం ఆగొద్దు, ఆ రోజే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి.