మందు దట్టించే పాత తుపాకీని అమ్మాలంటే

కొనేవాడికి ఫోన్ చేసే ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడండి. తాతలనాటి తుపాకీల్లో మందు దట్టించి అలాగే వదిలేసినవి ఉంటాయి. తుపాకీ మందు తడి తగలకపోతే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది, పాతదైపోయింది కదా అని ధీమా పనికిరాదు. సన్నటి వెదురు పుల్ల ఒకటి గొట్టంలోకి అడుగు దాకా దింపి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. పుల్ల బయటికి తీసి, ఆ గీతను మూతికి సరిగ్గా పట్టి గొట్టం పక్కనే ఆనించండి. రెండో కొన టోపీ (కొడితే నిప్పు పుట్టి మందును అంటించే చిన్న గిన్నె) పెట్టే చోటు దాకా, చెకుముకి తుపాకీ అయితే పక్కనున్న చిన్న రంధ్రం దాకా రావాలి. వేలెడంత ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. మూతిలోకి తొంగిచూడొద్దు, ఇనుప కడ్డీతో పొడవొద్దు, గుర్రం (టోపీని కొట్టే సుత్తి) ఎత్తి చూడొద్దు. లైసెన్సున్న తుపాకీ షాపు మేస్త్రీకి చెప్పి తీయించండి.

ఇక కాగితం. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నలుగురు కూర్చున్న చోట ఈ మాట ఎత్తితే, "నూరేళ్లు దాటిందంటే లైసెన్సు అక్కర్లేదండీ" అని ఒకాయన తప్పకుండా అంటాడు. అది 1972 నాటి పురావస్తువుల చట్టం గురించి ఎక్కడో విని ఇక్కడ అతికించడం. ఆ చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును మీరు విదేశాలకు పంపలేరు. తుపాకీ లైసెన్సు నుంచి మాత్రం అది మినహాయింపు ఇవ్వదు. ఆ సంగతి 1959 ఆయుధాల చట్టం చూస్తుంది. అందులో 45వ సెక్షన్ కింద పాత నమూనావి, పురాతన విలువున్నవి, పాడైపోయినవి చట్టం బయట ఉంటాయి. కానీ ఒక షరతు ఉంది: రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని స్థితిలో ఉండాలి. టోపీ పెట్టే చనుమొన ఊడిపోయిందని, గుర్రం విరిగిందని అది పనికిరానిది అయిపోదు, మేస్త్రీ ఒక పూటలో బాగుచేస్తాడు. కాబట్టి ఆ మాట మీకు మీరే తేల్చేసుకోకండి. కలెక్టరేటులో ఆయుధాల సెక్షన్‌కు అర్జీ పెట్టి, తనిఖీ చేయించి, రాతలో తీసుకోండి. అంతవరకూ అది లైసెన్సు కావలసిన తుపాకీయే అనుకుని నడవండి.

లైసెన్సు చనిపోయిన నాన్నగారి పేరున ఉంటే తుపాకీని ముందు పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. వారసుడిగా మీ హక్కు తేలాకే అమ్మకం మాట. కొండల్లో కొట్టిన నాటు తుపాకీని, కాగితం లేనిదాన్ని, పాతదని చెప్పి ఎవరైనా మీచేత అమ్మించాలని చూస్తే దండం పెట్టి పంపేయండి. గజపతి, రాయగడ జిల్లాల్లో దాన్ని ఎవరూ సరదాగా చూడరు.

పాత లైసెన్సు పుస్తకాలు, చిరిగిన రసీదులు పారేయొద్దు. మన పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఒడిశా గంజాం, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి. మద్రాసు ముద్రతో ఒకటి, ఛత్రపురం ముద్రతో ఒకటి, ఇప్పటిది ఒకటి, ఇలా ఒకే తుపాకీకి వరుసగా కాగితాలు దొరికితే పాత వస్తువులు పోగుచేసేవాడికి దానికి మించిన ఆనందం లేదు. నా లెక్కలో ఆ కట్ట విలువ కొన్నిసార్లు తుపాకీ విలువతో సమానం. "రాజావారు మా ముత్తాతకు ఇచ్చింది" అన్న కథ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కాగితం ఉంటే చూపించండి, లేకపోతే "మా ఇంట్లో అలా అనుకుంటారు" అని మాత్రమే చెప్పండి. అవతలివాడు తెలిసినవాడైతే ఆ ఒక్క నిజాయితీకే మీ మిగతా మాటలు నమ్ముతాడు.

అమ్మేముందు తళతళ మెరిపించాలన్న కోరిక చంపుకోండి. చింతపండుతో ఇత్తడి తోమడం, గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దడం, చెక్కకు వార్నిష్ కొట్టడం, ఈ మూడూ చేస్తే ధర పడిపోతుంది. ఇనుము మీద గోధుమరంగు పొర వయసు వల్ల వచ్చింది, అది అలాగే ఉండాలి. పొడిలా రాలే ఎర్ర తుప్పు మాత్రం నష్టం. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు మెత్తటి గుడ్డకు అద్ది తుడిస్తే చాలు. గొట్టం వెనక మర తిప్పడానికి చూడొద్దు, అది పట్టేసి ఉంటుంది, చెక్క చీలుతుంది.

గుర్తుల దగ్గర తీరిగ్గా కూర్చోండి. తాళం పలక (గుర్రం బిగించి ఉండే పక్క ఇనుప పలక) మీద గుండె ఆకారంలో గడులు, అక్షరాలు ఉంటే ఈస్టిండియా కంపెనీది. సుమారు 1808 దాకా ఆ గుర్తు, తర్వాత ముందు కాళ్లెత్తి నిలబడ్డ సింహం. బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల మీద ఉండే కిరీటం, 'టవర్' అన్న మాట ఉన్నంత మాత్రాన సంబరపడకండి, వాటిని కొట్టిన నకళ్లు చాలా ఉన్నాయి. గొట్టం మందు దెబ్బకు తట్టుకుంటుందని పరీక్షించి వేసే ముద్రలు కూడా చూడండి. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో మొదలైంది, ఆ ముద్ర అంతకు ముందు పడింది కాదు.

కొలతలు తప్పనిసరి. మూతి దగ్గర వెర్నియర్ కొలపరికరంతో లోపలి వ్యాసం, గొట్టం పొడవు. గొట్టాన్ని చెక్కకు బిగించే మూడు పట్టీలతో, 39 అంగుళాల గొట్టంతో ఉన్నదాన్ని అందరూ 1853 ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యపు రైఫిల్) అనేస్తారు. అసలు ఎన్‌ఫీల్డ్ వ్యాసం 0.577 అంగుళం, లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు ఇచ్చినవి పైకి దాదాపు అలాగే ఉంటాయి, లోపల మాత్రం నున్నగా, 0.656 అంగుళం. రెండోది తక్కువదని కాదు, మన చరిత్రకు అదే దగ్గర. కానీ ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టకూడదు. చెకుముకి తుపాకీని తర్వాత టోపీ తుపాకీగా మార్చి ఉంటే అదీ చెప్పాలి. ఫోటోలు ఉదయం నీడలో తీయండి, ఫ్లాష్ వద్దు. చీలికలు, అతుకులు, పోయిన మరలు దగ్గరగా కనబడాలి. మా ఊరి కొమ్ము పనివాళ్ల చేతిలో తయారైన కొత్త మందు కొమ్ము (మందు పోసి ఉంచుకునేది) జతచేస్తే, కొత్తదే అని చెప్పి ఇవ్వండి.

ఇప్పుడు కొనేవాడి సంగతి. మొదటి ప్రశ్న "ఎంతకు కావాలి" కాదు, "మీ లైసెన్సులో చోటుందా మాస్టారూ" అన్నది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండింటిలోకే. సేకరించేవాళ్లలో చాలామందికి ఇక్కడే బేరం ఆగిపోతుంది. ఆయన పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో ఉంటే లైసెన్సు ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో చూపించమనండి. పేర్లు కూడా సరిపోల్చండి. ఆంధ్రా కాగితాల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది, మన ఒడిశా కాగితాల్లో అది చివరికి వెళ్లిపోతుంది. గుమాస్తాకు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తే ఫైలు కదలదు, ముందే అఫిడవిట్ చేయించుకోండి.

అమ్ముతున్నానని, కొనేవాడి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక కనీసం 45 రోజులు గడవాలి, అప్పుడే తుపాకీ చేతులు మారాలి. అర్జీ ఒడియాలో రాయించడం మేలు, పని త్వరగా అవుతుంది. అందిందన్న ముద్ర వేయించుకున్న నకలు జాగ్రత్త. మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చిందంటే తుపాకులు స్టేషన్‌లో జమచేయమంటారు, లెక్కంతా వెనక్కి వెళ్తుంది. అందుకే అడ్వాన్సు కొద్దిగానే తీసుకుని, మిగతాది అప్పగించే రోజు బ్యాంకు ద్వారా తీసుకోండి. చేతి సొమ్ము వద్దు.

కొరియర్, బస్సు పార్సిలు ఊసే ఎత్తొద్దు. కొనేవాడు తన లైసెన్సుతో స్వయంగా రావాలి. రాష్ట్రం దాటించడానికి ఇంకేం అనుమతి కావాలో రెండు వైపులా ఆయుధాల సెక్షన్‌లో ఆయనే అడిగి రాతలో తెచ్చుకోవాలి. దట్టించే కడ్డీ, గుండ్లు పోసే అచ్చు తుపాకీతో పాటు ఇవ్వొచ్చు. మిగిలిపోయిన మందు, టోపీలు మాత్రం బేరంలో కలపకండి, వాటి సంగతి స్టేషన్‌లో అడగండి.

అప్పగింత రసీదులో గొట్టం పొడవు, వ్యాసం, పలక మీద గుర్తులు, ఇద్దరి లైసెన్సు నంబర్లు, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), తేదీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ వారంలోనే మీ లైసెన్సు తీసుకుని కలెక్టరేటుకు వెళ్లి ఆ తుపాకీ నమోదు కొట్టేయించుకోండి. ఆయన తన దాంట్లో ఎక్కించుకున్న పేజీ ఫోటో కూడా అడిగి తీసుకోండి. అది మీ చేతికి వచ్చేదాకా బ్యాంకులో పడ్డ డబ్బు ముట్టకపోవడమే మంచిది.