సలామీ పైపొర చిరగకుండా ఊడాలంటే

అమెరికాలో ఏటా సెప్టెంబర్ 7న జరుపుకునే సలామీ దినం కోసం ఇటాలియన్ పద్ధతిలో ఉప్పు పట్టించి ఆరబెట్టిన సలామీని, అంటే తొడుగులో కూరిన తరిగిన మాంసాన్ని, తెచ్చుకుంటే, పేగుతో చేసిన దాని పైపొర మాంసానికి అంటుకుపోయి, ఒలిచేటప్పుడు పీలికలుగా చిరుగుతూ విసిగిస్తుంది. ఆ పూటకు కావలసిన ముక్కను, అంటే సుమారు 10 సెంటీమీటర్లు కోసి, చన్నీటిలో తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డలో 15 నిమిషాలు చుట్టి ఉంచి, తరువాత కత్తిమొనతో పొడవునా పైపైన గాటు పెట్టి లాగితే, పొర చాలావరకు ఒకే పట్టున వచ్చేస్తుంది. దానిమీద పొడిలా కనిపించే తెల్లని బూజు ఆరబెట్టే పద్ధతిలో భాగమే కనుక కంగారు పడనక్కరలేదు. మొత్తం సలామీని మాత్రం తడపకూడదు. తేమ పట్టిన మిగులు భాగం జిగటబారి త్వరగా పాడవుతుంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న రకాలకు ఈ ఉపాయం పనిచేయదు.