మొక్కల అక్వేరియానికి ఎలాంటి లైటు కొనాలి?

లైటు సంగతి తర్వాత, ముందు ఏ మొక్కలు పెడతారో తేల్చుకోండి. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ లాంటివైతే లీటరు నీటికి 10 నుంచి 20 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) ఇచ్చే మామూలు ఎల్ఈడీతోనే హాయిగా బతికేస్తాయి. అడుగంతా పచ్చగా పాకే మొక్కలో, ఎర్రటి రోటాలా మొక్కలో కావాలంటే లీటరుకు 40 ల్యూమెన్ల దాకా వెళ్లాలి, కానీ అంత వెలుగిస్తే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఎరువులు కూడా తప్పవు, లేకపోతే లాభపడేది నాచే.

వాట్లు చూసి కొనకండి, అది ట్యూబులైట్ల కాలం నాటి లెక్క. డబ్బా మీద ల్యూమెన్లు ఎన్నో చూడండి, రంగు 6500 కెల్విన్ దగ్గర, అంటే పగటి వెలుగులా తెల్లగా ఉంటే మొక్కలకీ మన కంటికీ బాగుంటుంది. మరీ నీలంగా వెలిగేవి సముద్రపు పగడాల ట్యాంకులకు, మనకెందుకు?

లోతు 45 సెంటీమీటర్లు దాటితే అడుగుకు చేరే వెలుగు తగ్గుతుంది కాబట్టి కాస్త బలమైనదే తీసుకోండి, డిమ్మర్ ఉంటే ఇంకా నయం.

టైమర్ మాత్రం తప్పనిసరి. కొత్త ట్యాంకుకు రోజుకు 6 గంటలు, మొక్కలు నిలదొక్కుకున్నాక 8. గాజు మీద నాచు పడుతుంటే మందుల కోసం పరిగెత్తకుండా ముందు ఓ గంట తగ్గించి, రెండు వారాలు ఆగి చూడండి.