తాడు లాగుడు పోటీ పెట్టే ముందు

సంక్రాంతికి వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో టగ్ ఆఫ్ వార్ పెట్టేవాళ్లు ముందు రోజే ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం తాడు. ట్రాక్టర్‌కు కట్టే నైలాన్ తాడు అస్సలు వద్దు. అది బాగా సాగుతుంది, తెగితే అంతే ఊపుతో వెనక్కి కొడుతుంది. 1997లో తైవాన్ రాజధాని తైపీలో 1,600 మందికి పైగా లాగుతుంటే నైలాన్ తాడు తెగి ఇద్దరి చేతులు తెగిపోయాయి. అందుకే ఊరంతా ఒకే తాడు పట్టుకోవద్దు, జట్టుకు 8 మందే. నారతో పేనిన మనీలా తాడు తీసుకోండి, చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడిమి చూడండి. పురి వదులైనా, పోగులు తెగినా పక్కన పడేయండి.

- తాడును చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు, ముడి వేయొద్దు. చివరి మనిషి కూడా చంక కింద నుంచి వీపు మీదుగా అవతలి భుజం మీదికి తెచ్చుకోవాలి, అంతే.
- ఉంగరాలు, కడియాలు, వాచీలు తీసేయాలి.
- వడ్ల కాటా మీద అందరినీ తూచి, సమాన బరువుతో జట్లు కట్టండి. పిల్లల్ని పెద్దలతో కలపొద్దు.
- గ్రౌండ్‌లో రాళ్లు, గాజుపెంకులు ఏరేయండి.
- తాడు కొసల వెనుక ఎవరూ నిలబడొద్దు.

ఓడిపోతున్నామని జట్టంతా ఒక్కసారిగా తాడు వదిలేస్తే అవతలివాళ్లు వెల్లకిలా పడి తలకు దెబ్బ తగులుతుంది. విజిల్ ఊదక ముందే ఇద్దరు కెప్టెన్లకూ ఈ మాట గట్టిగా చెప్పండి.