కతోలిక దైవశాస్త్రంలో ఆన్‌లైన్ పీజీ చేయడం ఎలా?

దైవశాస్త్రం అనగానే ‘అది ఫాదర్లు, సిస్టర్లు చదివేది కదా’ అంటారు మనవాళ్లు. నిజానికి శ్రీసభ (కతోలిక చర్చి) సొంత చట్టమైన 1983 నాటి కానన్ చట్టం 229వ నిబంధన శ్రీసభ విద్యాలయాల్లో చదివి డిగ్రీ తీసుకునే హక్కు గృహస్థులకూ ఇచ్చింది. కాబట్టి మీరు టీచరైనా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా, ఉపదేశి అయినా ఈ చదువు మీదే.

ముందు తేల్చుకోండి: ఏ డిగ్రీ?

చాలామంది తడబడేది ఇక్కడే. ఈ చదువులో రెండు దారులున్నాయి. ఒకటి శ్రీసభ ఇచ్చే డిగ్రీలు: ఎస్.టి.బి. (దైవశాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ), దానిపై రెండేళ్ల ఎస్.టి.ఎల్. (లైసెన్షియేట్, అంటే పీజీ స్థాయి), ఆపైన డాక్టరేట్. వీటికి నియమాలు పోపు ఫ్రాన్సిస్ 2017 డిసెంబరు 8న సంతకం చేసిన ‘వేరితాతిస్ గౌదియుమ్’ అనే పత్రంలో ఉన్నాయి. సెమినరీలో (ఫాదర్లను తయారుచేసే విద్యాలయంలో) పాఠాలు చెప్పాలనుకునేవారికి పనికొచ్చేది ఈ దారి. ఎస్.టి.ఎల్.లో చేరాలంటే ముందు ఎస్.టి.బి. ఉండాలి. పైగా మొత్తం ఇంట్లో కూర్చుని పూర్తి చేయవచ్చని ఆశ పెట్టుకోకండి.

రెండోది మామూలు యూనివర్సిటీ ఎం.ఏ. థియాలజీ. ఏ సబ్జెక్టులో డిగ్రీ చేసినా చాలాచోట్ల చేర్చుకుంటారు, ఆన్‌లైన్‌లోనే పూర్తవుతుంది. ఒహాయోలోని ఫ్రాన్సిస్కన్ యూనివర్సిటీ ఆఫ్ స్టూబెన్‌విల్, అగస్టీన్ ఇన్‌స్టిట్యూట్, డొమినికన్ సభవారి డొముని యూనివర్సితాస్ ఇలాంటి చదువు చెబుతున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ చదివే గృహస్థులకు నా ఓటు దీనికే.

ఇంకో మాట. మన దగ్గర దైవశాస్త్ర డిగ్రీ అంటే వెంటనే గుర్తొచ్చేది బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ ఇచ్చే డిగ్రీ. అది ప్రొటెస్టెంట్ సంప్రదాయానిది. మంచి చదువే కానీ మనం మాట్లాడుకుంటున్న దారి వేరు.

గుర్తింపు చూడకుండా రూపాయి కట్టొద్దు

ఆరు నెలల్లో డాక్టరేట్ ఇస్తామనే సంస్థలు ఫోన్లో రోజూ తగులుతుంటాయి. ఆ పట్టా ఫ్లెక్సీ మీద పేరు ముందు ‘డా.’ పెట్టుకోవడానికి తప్ప దేనికీ రాదు. శ్రీసభ డిగ్రీ అయితే ఆ ఫ్యాకల్టీకి వాటికన్ విద్యా విభాగం ఆమోదం ఉందో లేదో చూడండి. అమెరికా ఎం.ఏ. అయితే అక్కడి గుర్తింపు సంస్థల జాబితాలో పేరుందో లేదో చూడండి. ఇండియాలో ఉద్యోగానికో పీహెచ్‌డీకో వాడుకోవాలనుకుంటే, విదేశీ ఆన్‌లైన్ డిగ్రీల గురించి యూజీసీ తాజా నిబంధనలు చదివాకే ముందుకెళ్లండి.

కాగితాలు, టైమ్, క్రెడిట్లు

సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ట్రాన్స్‌క్రిప్ట్స్ ముందే తెప్పించుకోండి. మన యూనివర్సిటీల కౌంటర్ల దగ్గర ఎంత టైమ్ పడుతుందో మీకు తెలుసు. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారా, ఇంగ్లిష్ పరీక్ష రాయాలా అని ఒక మెయిల్ పెట్టి అడిగేయండి. సిఫారసు ఉత్తరం అడిగితే విచారణ గురువుల్ని (మీ చర్చి ఫాదర్‌ని) ఆదివారం పూజ అయిన వెంటనే కాకుండా మామూలు రోజున తీరిగ్గా కలవండి.

క్రెడిట్ల లెక్క దేశానికొక తీరు. బ్రిటన్‌లో ఎం.ఏ. అంటే 180. అమెరికాలో 36 కనిపిస్తే చిన్న కోర్సు అనుకోకండి, కొలత వేరు, అంతే. ఒక్కో సబ్జెక్టుకు మూడు క్రెడిట్ల చొప్పున 36 అంటే పన్నెండు సబ్జెక్టులు.

లైవ్ క్లాసులుంటే గడియారం చూడండి. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడు అంటే మనకు వేసవిలో తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. మీకు నచ్చినప్పుడు చూసుకునే రికార్డింగులు దొరికితే అదే తీసుకోండి.

అసలు పని: చదవడం

ఫీజు కట్టేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. వాటికన్ వెబ్‌సైట్‌లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) పత్రం ‘దేయి వెర్బుమ్’ ఉచితంగా దొరుకుతుంది. 1965 నవంబరు 18 నాటిది, కేవలం 26 పేరాలు. అది చదివి, లేఖనం, పారంపర్యం, బోధనాధికారం ఈ మూడింటికీ ఉన్న సంబంధం 10వ పేరాలో ఎలా చెప్పారో ఒక పేజీలో రాయండి. ఆ పేజీ రాస్తూ ఆసక్తి పెరిగితే చేరండి. నిద్రొస్తే ఇంకో ఏడాది ఆగండి.

తర్వాత భయపెట్టేది 13వ శతాబ్దపు దైవశాస్త్రవేత్త థామస్ అక్వినాస్. ప్రశ్నలు, వాటి కింద ఆర్టికల్స్‌గా రాసిన ఆయన పెద్ద గ్రంథం ‘సుమ్మా’ చదివే పద్ధతి తెలియకపోతే నవ్వులపాలవుతాం. మొదటి ప్రశ్నలో ఎనిమిదో ఆర్టికల్ తీయండి: పవిత్ర బోధ వాదన చేస్తుందా? మొదట్లోనే ‘విశ్వాసం వెతికేచోట వాదనలు పక్కన పెట్టు’ అనే పునీత అంబ్రోస్ మాట కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ఎత్తి ‘అక్వినాస్ ఇలా అన్నాడు’ అని రాసేస్తారు. అది ఆక్షేపణ, అంటే ఆయన తర్వాత బదులివ్వబోయే ఎదుటివారి వాదన! ఆయన సొంత మాట ‘నా జవాబు’ అన్న దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో ఆక్షేపణకూ బదులిస్తాడు. ‘వరప్రసాదం స్వభావాన్ని తీసేయదు, పరిపూర్ణం చేస్తుంది’ అనే ప్రసిద్ధ వాక్యం రెండో ఆక్షేపణకు ఇచ్చిన బదులులో దొరుకుతుంది. కాబట్టి ముందు జవాబు, తర్వాత ఆక్షేపణలు, చివర బదుళ్లు, ఈ వరసలో చదవండి.

వ్యాసాల్లో మహాసభ పత్రాలకు, సత్యోపదేశానికి (శ్రీసభ బోధనల అధికారిక పుస్తకానికి) పేజీ నంబరు కాదు, పేరా నంబరు ఇవ్వాలి. ఆధారాలు దాచుకోవడానికి జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదటి రోజే పెట్టుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

థీసిస్ అడిగితే

కొన్నిచోట్ల చివర పరీక్ష, కొన్నిచోట్ల థీసిస్. ఎంచుకునే వీలుంటే థీసిస్ రాయండి, అంశం మన భాషలోంచే తీసుకోండి. లూకా 1:28లో దేవదూత పలకరింపు తీసుకుంటే, మన జపంలో ‘దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా’ అంటాం. ప్రొటెస్టెంట్లు చదివే పాత తెలుగు బైబిల్లో అదే చోట ‘దయాప్రాప్తురాలా’ అని ఉంటుంది. మన జపం వెనక లాటిన్ ‘గ్రాసియా ప్లేనా’ ఉంది, రెండింటి వెనకా ఒకే గ్రీకు పదం ‘కెఖారితోమెనే’ ఉంది. వరప్రసాదానికీ దయకూ మధ్య ఎంత దూరముందో స్టూబెన్‌విల్‌లో కూర్చున్న ప్రొఫెసర్‌కు మీరే చెప్పాలి.