ఇంటి ఆయుర్వేదం – 4వ పాఠం: ముందు తిన్నది అరిగిందా?

సమ, విషమ, తీక్ష్ణ, మంద అని జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి, నాలుగు రకాలని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. మీది ఏ రకమో ఇంకా తేలకపోయినా ఫరవాలేదు. ఈ వారం పని తేలిక. కంచం ముందు కూర్చోబోయే ముందు, ఇంతకుముందు తిన్నది అరిగిందో లేదో చూసుకోవాలి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకి ఇది తెలిసిన విద్యే. మేత వేసిన రెండు గంటలకి, రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో ఉంచిన చెక్ ట్రే పైకి లాగి చూస్తాడు. మేత మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గించేస్తాడు. అదే మనిషి తన పొట్ట దగ్గరికొచ్చేసరికి మాత్రం, పొద్దున తిన్న పెసరట్టు ఉప్మా ఇంకా గొంతులోనే ఉన్నా, ఒంటిగంట అయిందని భోజనానికి కూర్చుంటాడు.

మన పొట్టకీ గుర్తులున్నాయి. రోగాల గుర్తులు చెప్పే పాత ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం, తిన్నది అరిగిందనడానికి గుర్తులు ఒక్క శ్లోకంలో చెప్పేసింది: త్రేన్పు శుభ్రంగా రావడం, ఉత్సాహం, మలమూత్రాలు సాఫీగా అవడం, ఒళ్లు తేలికపడటం, ఆకలి, దాహం. వీటిలో త్రేన్పు తొందరగా పట్టుబడుతుంది, అక్కడ మొదలుపెట్టండి. పొద్దుటి ఆవకాయ మధ్యాహ్నం త్రేన్పులో పలకరించినా, పుల్లగా గొంతు మండినా ఇంకా అరగలేదన్నమాట. ఏ వాసనా రుచీ లేకుండా వస్తే సరే. ఆకలిని చివర్లో చూడండి, ఎక్కువ మోసం చేసేది అదే. తాపేశ్వరం కాజా చూసి నోరూరితే ఆకలి కాదు. ఉత్త చారన్నమైనా చాలనిపిస్తే అది ఆకలి.

ఇప్పుడు మనసు సంగతి. చింత, శోకం, భయం, కోపం, సరైన పడక లేకపోవడం, రాత్రి మెలకువ వల్ల మంచి తిండి మితంగా తిన్నా అరగదని చరకుడి ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో విమానస్థానం అనే భాగం చెబుతుంది. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయని గట్టు మీద షెడ్డులో కునికిపాట్లు పడే రైతుకి ఇందులో ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. రేటు పడిపోయిన రోజున కోపం కూడా తోడవుతుంది. "తినేది గుప్పెడేనండీ, అయినా ఈ గ్యాసేంటండీ?" అంటాడు. అన్నం తగ్గించి లాభం లేదు. ముందు నిద్ర, టెన్షన్ సంగతి చూడాలి. శరీరం మనసును, మనసు శరీరాన్ని అనుసరిస్తాయన్నది చరకుడి మాటే.

ఎక్కువ మాట్లాడకుండా, నవ్వకుండా, మనసు అన్నం మీద పెట్టి తినమని కూడా అన్నాడాయన. నవ్వకుండా తినడం గోదావరి జిల్లాల్లో అయ్యే పని కాదు గానీ, ఫోన్ పక్కన పడేస్తే చాలు.

వారం రోజులు ప్రతి భోజనానికి ముందు ఒక నోట్‌బుక్‌లో మూడు మాటలు రాయండి: త్రేన్పు ఎలా ఉంది, ఒళ్లు ఎలా ఉంది, మనసులో ఏముంది. రాత్రి నిద్ర చాలకపోతే అదీ రాయండి. అరగలేదనిపిస్తే భోజనం ఓ గంట జరపండి, లేదా వేడివేడిగా కాస్త తిని లేవండి. వానాకాలంలో అగ్ని సహజంగానే మందగిస్తుంది కాబట్టి ఈ నెలల్లో జరపాల్సిన పూటలు ఎక్కువే కనిపించొచ్చు, కంగారు పడకండి. షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం భోజనం జరపొద్దు, రాసుకోవడం వరకే చేయండి. మంట వారాల తరబడి తగ్గకపోయినా, బరువు తగ్గిపోతున్నా నోట్‌బుక్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

వచ్చే పాఠంలో జావ, శొంఠి, పాత బియ్యం సంగతి చూద్దాం. నోట్‌బుక్ దగ్గర ఉంచుకోండి, దానితో పని ఉంటుంది.