టెక్సస్ బడి చట్టం మనమే చదువుకుందాం – నాలుగో పాఠం: మే, షల్, మే నాట్

ముందు పోయిన పాఠం అభ్యాసం. టెక్సస్‌లో పిల్లలను ఏ వయసు నుంచి ఏ వయసు వరకు బడికి పంపి తీరాలో వెతకమన్నాను. జవాబు ఎడ్యుకేషన్ కోడ్ (రాష్ట్ర విద్యా చట్టం) 25వ అధ్యాయంలో, సెక్షన్ 25.085లో ఉంది: ఆరేళ్ల నుంచి పందొమ్మిదో పుట్టినరోజు దాకా. పద్దెనిమిది అని రాసుకున్నవారు పాత ప్రతి చూశారన్నమాట. 2015లో ఆ అంకె మారింది. అదే ఏడాది, బడి ఎగ్గొట్టిన పిల్లలపై క్రిమినల్ కేసు పెట్టే పద్ధతి పోయి అది సివిల్ వ్యవహారమైంది. ఇక్కడి చట్టసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులు కూర్చుంటుంది, లేచేసరికి విద్యా చట్టంలో ఏదో ఒకటి మారే ఉంటుంది. కాబట్టి ఏ సెక్షన్ చదివినా కింద చిన్న అక్షరాల్లో ఉన్న సవరణల సంవత్సరాలు చూడటం అలవాటు చేసుకోండి.

ఇక ఈ వారం పని. చట్టంలో ఒక వాక్యం కనబడగానే మన కన్ను నామవాచకాల మీద పడుతుంది: పండుగ, సెలవు, గైర్హాజరు, ప్రిన్సిపాల్. నిజానికి పట్టుకోవలసింది క్రియను. ఎవరు చేయాలి, ఎవరి ఇష్టం, ఎవరికి అధికారం లేదు అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇందులో మన ఊహకు పని లేదు. టెక్సస్ గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 311.016 ఈ మాటల అర్థాలను విడమరిచి చెబుతుంది. 'షల్' అంటే విధి, చేసి తీరాలి. 'మే' అంటే విచక్షణ లేదా అనుమతి. 'మస్ట్' అంటే ముందు నెరవేరవలసిన షరతు. 'ఈజ్ ఎన్‌టైటిల్డ్ టు' అంటే హక్కు. సందర్భాన్ని బట్టి వేరే అర్థం తప్పనిసరైతే తప్ప ఇలాగే చదవాలి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది 'మే నాట్' దగ్గర. మొదటిసారి చదివినప్పుడు నేనూ బోల్తా పడ్డాను. తెలుగులో ఆలోచించే బుర్ర దాన్ని వెంటనే 'ఇవ్వకపోవచ్చు' అని మార్చుకుంటుంది. ఇవ్వకపోవచ్చు అంటే ఇవ్వనూవచ్చు కదా అని ధీమా పుడుతుంది. కానీ 311.016 ప్రకారం 'మే నాట్' అంటే నిషేధం, 'షల్ నాట్'కు మరో రూపం. తెలుగులో దాని జోడీ 'ఇవ్వరాదు'. ఈ రెండు తెలుగు మాటల మధ్య ఉన్న దూరమే ఒక విద్యార్థి క్రెడిట్‌కు, అంటే తరగతి పూర్తిచేసినట్టు దక్కే గుర్తింపుకు, ఎసరు పెట్టగలదు.

ఎడ్యుకేషన్ కోడ్‌లో సెక్షన్ 25.087 తెరవండి. గైర్హాజరును ఎప్పుడు మన్నిస్తారన్నది ఇక్కడ ఉంటుంది. ఎ ఉపవిభాగం: టీచరుకో, ప్రిన్సిపాల్‌కో, సూపరింటెండెంట్‌కో సమ్మతమైన ఏ కారణానికైనా తాత్కాలిక గైర్హాజరును మన్నించవచ్చు. ఇక్కడి క్రియ 'మే'. అంటే వాళ్ల దయ. వెంటనే దాని కింద బి ఉపవిభాగం: మతపరమైన పర్వదినం పాటించడానికి, కోర్టుకు తప్పక హాజరు కావడానికి, పౌరసత్వ దరఖాస్తు కాగితాల కోసం ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లడానికి, పౌరసత్వ ప్రమాణ స్వీకారానికి, ఇంకా మరికొన్నిటికి, వాటికి అవసరమైన ప్రయాణంతో సహా, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మన్నించి తీరాలి. ఇక్కడి క్రియ 'షల్'. ఈ ఉపవిభాగంలో ఏ మతం పేరూ లేదు, పండుగల జాబితా లేదు. "దీపావళికి సెలవు ఇప్పించగలరా?" అని బతిమాలుతూ రాసే ఉత్తరాలు చాలా చూశాను. అది ఎ ఉపవిభాగం గొంతు. బి కింద రాసే ఉత్తరం మర్యాదగానే ఉంటుంది కానీ, బతిమాలదు. తేదీ, పండుగ పేరు, సెక్షన్ నంబరు చెప్పి ఊరుకుంటుంది.

ఇప్పుడు లెక్క. ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. డల్లాస్ దగ్గర కాపురం, అబ్బాయి పదో తరగతి. శీతకాలపు సెలవులకు ఊరెళ్లి, ఎలాగూ వెళ్లాం కదా అని సంక్రాంతి దాకా ఉండి వచ్చారు. జనవరిలో పండుగ రోజు కాక తొమ్మిది బడి రోజులు పోయాయి. పండుగ రోజు వరకు బి కింద అడగవచ్చు. కోడిపందేలకు, పెదనాన్నగారింటి విందుకు ఎ ఉపవిభాగమే దిక్కు. ప్రిన్సిపాల్ మంచివారు, అన్నిటినీ మన్నించారనే అనుకుందాం. గండం గట్టెక్కినట్టేనా?

సెక్షన్ 25.092కు రండి. తరగతి జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు లేకపోతే ఆ తరగతికి క్రెడిట్ గానీ తుది గ్రేడు గానీ 'మే నాట్ బి గివెన్'. అంటే ఇవ్వరాదు. ఇంకోసారి చదవండి. ఈ వాక్యంలో ప్రిన్సిపాల్ లేరు, మన్నింపు అన్న మాట లేదు. ఉన్నది హాజరు, శాతం, అంతే. ఎ ఉపవిభాగం కింద తెచ్చుకున్న మన్నింపు ఉత్తరం ట్రూయన్సీ (బడి ఎగ్గొట్టడం) గొడవకు మందు; ఈ 90 శాతం లెక్క దారి వేరు.

'బడి జరిగిన రోజులు' అనలేదు, 'తరగతి జరిగిన రోజులు' అన్నారు. ఇదే అసలు కిటుకు. ఏడాదంతా సాగే లెక్కల తరగతి 170 రోజులు జరిగిందనుకుంటే 153 రోజులు ఉండాలి. 17 రోజుల దాకా పోయినా ఫరవాలేదు. మనవాడికి పోయినవి తొమ్మిదే కాబట్టి ఢోకా లేదు. కానీ జనవరిలో మొదలై ఒక్క సెమిస్టరే సాగే ఆరోగ్య విద్య తరగతి 85 రోజులే. అందులో 90 శాతం 76.5, అంటే 77 రోజులు ఉండాలి. పోగొట్టుకోగలిగినవి ఎనిమిది. తొమ్మిది అప్పుడే అయిపోయాయి! అమ్మానాన్నలు లెక్కల మార్కుల గురించి బెంగపడుతుంటే, ఎవరి దృష్టీ పడని తరగతిలో క్రెడిట్ చిక్కుకుంది.

దారి మూసుకుపోలేదు. ఇదే సెక్షన్ ఎ-1 ఉపవిభాగం ప్రకారం హాజరు 75కు తగ్గకుండా, 90 శాతం లోపు ఉంటే, ప్రిన్సిపాల్ ఆమోదించిన ప్రణాళిక పూర్తిచేస్తే క్రెడిట్ ఇవ్వవచ్చు. 'మే' కాబట్టి పట్టుపట్టలేం. ప్రణాళిక ఏమిటో రాతపూర్వకంగా ముందే అడిగి తీసుకోండి. అదీ కుదరకపోతే ఇదే సెక్షన్ బి ఉపవిభాగం: క్రెడిట్ కోసం వచ్చే విన్నపాలు వినడానికి డిస్ట్రిక్ట్ ట్రస్టీల బోర్డు హాజరు కమిటీని నియమించాలి. ఇది 'షల్'. కమిటీ లేదు అనే జవాబును ఒప్పుకోనక్కర్లేదు. కమిటీ కాదంటే విద్యార్థి బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు, ఆ తర్వాత జిల్లా కోర్టుకు. గమనించారా, ఈ 'మే'కు కర్త విద్యార్థి. ఇక్కడ విచక్షణ మన చేతికి వచ్చింది.

ఈ వారం అభ్యాసం. మీ పిల్లల స్కూల్ హ్యాండ్‌బుక్‌లో హాజరు పేజీ తీయండి. ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి, పక్కన కర్త పేరు రాయండి. ఆ తర్వాత దాన్ని 25.087, 25.092 పక్కన పెట్టి చూడండి. చట్టంలో 'షల్' ఉన్నచోట హ్యాండ్‌బుక్‌లో 'మే' కనబడితే ఆ వాక్యం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి దాచుకోండి. వచ్చే పాఠంలో డిస్ట్రిక్ట్ విధాన సంపుటం తెరుస్తాం: ఎఫ్‌ఈఏ, ఎఫ్‌ఈసీ అనే కోడ్‌ల కింద 'లీగల్' అని ఒక కాగితం, 'లోకల్' అని ఇంకొక కాగితం ఎందుకుంటాయో ఆ ఎర్ర సున్నాలతోనే మొదలుపెడదాం.